‘తప్పంతా మాదే’ అన్న ఒక్క వాక్యం

ఉద్యోగంలో కొత్తగా చేరిన చరిత్ర టీచర్లు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. ప్రపంచ యుద్ధాల పాఠం ఎలా చెబితే పిల్లలకు గుర్తుంటుంది సార్ అని అడిగారు. గుర్తుండటం గురించి నన్ను అడక్కండి నాయనా, నేను చెప్పిన పాఠం ఒక ఏడు గుర్తుండాల్సిన దానికంటే ఎక్కువే గుర్తుండిపోయింది అన్నాను. నేనేదో గొప్ప చెప్పుకుంటున్నానని నవ్వారు. కాఫీ తాగి లేవబోయిన వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి చెప్పిన సంగతే ఇది. మీలో రేపు నల్లబల్ల ముందు నిలబడేవాళ్ళెవరైనా ఉంటే మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఎనభైల నడిమి మాట. పావగడ తాలూకాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో నాకు ఉద్యోగం. అప్పటికి రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. ఎర్రనేల, గుండ్లగుట్టలు, బెత్తెడు కూడా ఎదగని చెనిక్కాయ చేలు తప్ప కంటికి ఇంకేమీ ఆనేది కాదు. వేరుశనగను అక్కడ చెనిక్కాయ అనే అంటారు. ఊరి బతుకంతా దాని మీదే. కాయ మనుషులకు, కాయ తెంపుకున్నాక మిగిలిన ఎండుతీగ, దాన్ని అక్కడ కట్టె అంటారు, పశువులకు. కరువు ఏడాదిలో కాయ పోయినా ఏడ్చి ఊరుకుంటారు గానీ కట్టె పోతే మాత్రం ప్రాణం పోయినట్టే, ఎద్దులకు వేయడానికి మరేమీ ఉండదు.

మా బడిలో పుస్తకం కన్నడం, పిల్లల నోరు తెలుగు. నేను కన్నడంలో చదివి, తెలుగులో వివరించి, మళ్ళీ కన్నడంలో రాయించేవాణ్ణి. నాతోపాటు ఒకే గదిలో అద్దెకుండే లెక్కల మేష్టారు, "నీ క్లాసులో ఒక్కో యుద్ధం మూడేసి సార్లు జరుగుతుందయ్యా, సైనికులు ఏమైపోవాలి" అని ఎగతాళి చేసేవాడు. మంచివాడు. వంట ఆయన చేసేవాడు, తిట్లు కూడా ఆయనే తిట్టేవాడు. గిన్నెలు తోమడం నా వంతు.

నా పద్ధతి నాకుండేది. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అయిదు, జరిగిన తీరు నాలుగు, ఫలితాలు ఆరు. రాజ్యాలు కూలిపోయాయి, పటంలో గీతలు మారిపోయాయి, రాజులు పోయి ప్రజల ప్రభుత్వాలొచ్చాయి, మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వచ్చారు. ఇవన్నీ వరుస నంబర్లు వేసి నల్లబల్ల మీద రాసేవాణ్ణి. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు. ఎస్సెస్సెల్సీలో నా సబ్జెక్టు తప్పినవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు పదో తరగతిలో దిగువపల్లె నుంచి ఒక ఆడపిల్ల వచ్చేది. ఆ పల్లె నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. తండ్రికి మేకలున్నాయి. పొద్దున మేకలకు నీళ్ళు పెట్టి, గుట్ట ఎక్కి దిగి, బడి ఉన్న మా ఎగువ ఊరి చేల మధ్య కాలిదోవన నడిచి, ఊరి వీధి దాటి రావాలి. మోకాళ్ళ దాకా దుమ్ముతో వచ్చి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని గానీ తరగతిలో అడుగుపెట్టేది కాదు. నా నంబర్లతో ఆమెకు తృప్తి ఉండేది కాదు. ఒకరోజు లేచి, ఎక్కడో ఒక రాజకుమారుణ్ణి ఎవడో కాలిస్తే సంబంధంలేని ఇన్ని దేశాలు ఎందుకు కొట్టుకున్నాయి అని అడిగింది.

అక్కడ పొరపాటు చేశాను. పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలన్న ఉబలాటంలో ఇలా అన్నాను. దిగువపల్లె మేక ఒకటి ఎగువ ఊరి చేలో పడిందనుకోండి. చేనాయన మేకను కొడతాడు. మేకలాయన వచ్చి చేనాయన్ను కొడతాడు. ఈయన వియ్యంకుడు పక్కూరి నుంచి కర్ర పట్టుకుని వస్తాడు, ఆయన బావమరుదులు ఇంకో ఊరి నుంచి వస్తారు. సాయంత్రానికి నాలుగు ఊళ్ళు కొట్టుకుంటాయి. మొదలు ఎవరు? మేక! పిల్లలు పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఎగువ ఊరి పెద్దరైతు కొడుకు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, తల వంచుకుని రాసుకుంది. గంట కొట్టారు. యుద్ధం ఎలా ముగిసింది, సంధి ఎలా చేసుకున్నారు అన్నది అరసంవత్సర పరీక్షల తర్వాత చెబుదాంలే అని పుస్తకం మూసేశాను.

రెండు వారాలు తిరగలేదు, నిజంగానే మేకలు చేలో పడ్డాయి.

అక్కడి ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. చెనిక్కాయ పెరికాక కొన్నాళ్ళు చేనుగలవాళ్ళు చేను దారికి ముళ్ళకంప అడ్డం వేసి ఉంచుతారు. తమ పని పూర్తయ్యాక ఆ కంప తీసేస్తారు. కంప తీశారంటే చేను వదిలేశారని అర్థం. ఇక ఎవరైనా వచ్చి మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవచ్చు, మేకలు తోలుకోవచ్చు. అడగనక్కరలేదు. ఆ రోజు పెద్దరైతు కూలీలు బండి లోపలికి తోలడానికి కంప తీసి పక్కన పడేసి, మళ్ళీ వేయడం మరిచి అన్నానికి పోయారు. కుప్పేసిన కట్టె వామి ఇంకా చేలోనే ఉంది. ఆ పిల్ల తండ్రి గుట్ట మీంచి చూసి, కంప లేదు కాబట్టి చేను వదిలేశారనుకుని మేకలు తోలాడు. కూలీలు వచ్చేసరికి మేకలు వామి మీదెక్కి ఉన్నాయి. కర్రతో కొడితే చూలుమేక ఒకటి అక్కడికక్కడే చచ్చిపోయింది. మరునాడు దిగువపల్లె కుర్రాళ్ళు వచ్చి గొడవపడ్డారు. ఆ గొడవలో వామికి నిప్పంటుకుంది. పెద్దరైతు నాలుగు ఎద్దుల ఏడాది మేత కళ్ళ ముందే బూడిదైపోయింది. ఆ తర్వాత వియ్యంకులు, బావమరుదులు అందరూ నేను పాఠంలో చెప్పిన వరుసలోనే దిగారు. ఇద్దరికి తలలు పగిలాయి. ఎగువ ఊరివాళ్ళు కాలిదోవకు అడ్డంగా కంపలు కొట్టి, దిగువపల్లెవాళ్ళు ఇటు అడుగుపెడితే ఊరుకోమన్నారు.

ఆ పిల్లా, దిగువపల్లె చిన్నపిల్లలూ బడికి రావడం మానేశారు. హెడ్మాష్టరు దగ్గరికి వెళ్ళాను. ఊరి గొడవల్లో బడి తల దూర్చకూడదు, నాకు రిటైర్మెంటు దగ్గరపడింది, మీరు చిన్నవాళ్ళు, మీక్కూడా మంచిది కాదు అన్నాడు. ఆయనను తప్పు పట్టను. ఉండబట్టలేక ఒక శనివారం మధ్యాహ్నం సైకిలేసుకుని గుట్ట చుట్టూ తిరిగి దిగువపల్లెకు పోయాను. చుట్టుదోవ రెండు గంటలు పట్టింది. మనిషి పురుగు లేని వంక, ముళ్ళతుప్పలు. ఆడపిల్లను ఒంటరిగా ఆ దోవన పంపేది లేదని తండ్రి తెగేసి చెప్పాడు. పరీక్షకు మూడు నెలలుంది. ఆ పల్లెలో ఒకసారి బడి మానిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టిన దాఖలా లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ పిల్లకు ఇద్దరికంటే బాగా తెలుసు. ఆమె ఏమీ బతిమాలలేదు. యుద్ధం పాఠంలో ఎక్కడిదాకా వచ్చారు సార్ అని మాత్రం అడిగింది. తిరిగొచ్చేటప్పుడు సైకిలు తొక్కబుద్ధి కాలేదు.

మరుసటి ఆదివారం పొద్దున పెద్దరైతు దగ్గర్నుంచి మనిషొచ్చాడు. పంచాయితీ కూర్చుంటోంది, రాజీకాగితం రాయాలి, అయివారి చేతిరాత బాగుంటుంది కాబట్టి రమ్మన్నారు అని. అయివారు అంటే అక్కడ పంతులు. లెక్కల మేష్టారు గుండీలు పెట్టుకుంటూ, "పద, నేనూ వస్తా. నువ్వు నోరు తెరిస్తే మూయడానికి ఒక మనిషుండాలి" అన్నాడు.

పెద్దరైతు ఇంటి ముందు కల్లంలో ఇరుపక్షాలూ కూర్చున్నారు. పక్కన ఆయన తల్లి, ముసలమ్మ, విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె వాటిని పటపటమని చిదుముతూనే ఉంది, ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. నేను అట్టమీద కాగితం పెట్టుకున్నాను. వచ్చే పంటలో దిగువపల్లెవాళ్ళు వామికి వామి కట్టివ్వాలి, రాసుకో అన్నారు. రాశాను. అది న్యాయమే అనిపించింది. తర్వాత పెద్దరైతు, "తప్పంతా మాదే అని వాళ్ళ పల్లె మొత్తం ఒప్పుకున్నట్టు రాయి. అట్లా రాసి వేలిముద్ర వేస్తే రేపే దోవ ఇడుస్తాం. లేదంటే లేదు" అన్నాడు. మేకలాయన, అదే ఆ పిల్ల తండ్రి, నోరు తెరవబోతే పెద్దరైతు నా వైపు చెయ్యి చూపించి, "బళ్ళో ఈ అయివారే చెప్పినాడంట, మా వాడు ఇంటికొచ్చి చెప్పినాడు. గొడవ మొదలయ్యేది మేకలతోనే అని. సదువుకున్నోడే చెప్పినాక ఇంకేముండాది?" అన్నాడు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లెక్కల మేష్టారు నా కాలు మీద మెల్లగా తొక్కాడు, ఊరుకో అని. ఊరుకున్నాను. రాశాను కూడా. నా చేత్తోనే, గుండ్రంగా, తప్పంతా మాదే అని రాశాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

ఆనవాయితీ ప్రకారం రాసింది పైకి చదవాలి. తెలుగులో చదివాను. మేకలాయన విన్నాడు. నాతో అన్నాడు.

"వామి కట్టిస్తా అయివారూ, పస్తులుండైనా కట్టిస్తా. ఈ మాట రాసినాక నా బిడ్డ ఆ దోవన తలెత్తుకుని నడస్తాదా? నడవదు. అయినా ఏస్తా. పరీచ్చ రాయాల కదా."

సిరా పెట్టె మీద బొటనవేలు అద్దుకున్నాడు. నేను కాగితం ఇవ్వలేదు. ఇవ్వలేకపోయాను. లేచి నిలబడ్డాను. మేష్టారు చొక్కా పట్టుకుని లాగాడు, నేను ఆగలేదు.

నేను చెప్పింది సగం పాఠమే అన్నాను. ఆ యుద్ధానికి కారణం ఆ ఒక్క తూటా కాదు, అందరి దగ్గరా కర్రలున్నాయి, అందరికీ పొగరుంది, అది చెప్పకుండా మేక అని చెప్పి నవ్వించాను, అది నా తప్పు అన్నాను. ఆ యుద్ధం అయిపోయాక గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళను కూర్చోబెట్టి ఒక కాగితం రాయించారు, నష్టం కట్టండి అనడంతో ఆగకుండా నింద మొత్తం వాళ్ళ మీదే వేశారు, ఓడినవాళ్ళు గతిలేక సంతకం పెట్టి ఇళ్ళకు పోయి పిల్లలకు ఆ అవమానాన్ని అన్నంతోపాటు కలిపి పెట్టారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళై మళ్ళీ యుద్ధానికి దిగారు, ఈసారి లోకమంతా తగలబడింది అని చెప్పాను. గొంతు పెంచి, చేతులు ఊపి చెప్పాను. జీవితంలో అంత బాగా పాఠం ఎప్పుడూ చెప్పి ఉండను.

ఫలితం? ఒకాయన ఆవలించాడు. పెద్దరైతు బావమరిది, "ఏందప్పా అయివారూ, మేం పిలిచింది రాసేదానికి, పాఠం చెప్పేదానికి కాదు" అన్నాడు. నలుగురూ నవ్వారు. మేకలాయన కూడా సిరా వేలు గాల్లో పెట్టుకుని, తొందరగా కానీ అన్నట్టు చూశాడు. చల్లబడి కూర్చున్నాను.

అప్పుడు గమనించాను, కాయలు ఒలిచే చప్పుడు లేదు. ముసలమ్మ చేట పక్కన పెట్టి నన్నే చూస్తోంది.

"ఆ ఓడిపోయినోళ్ళు ఎన్నేండ్లకు మళ్ళా కొట్టుకునిరి నాయనా?" అని అడిగింది.

ఇరవై ఏళ్ళకు అవ్వా అన్నాను.

"మా ఇంటాయన పోయింది దానికేనా? బర్మాకి?"

అవునవ్వా, బర్మాలో జరిగింది ఆ రెండోదే అన్నాను. అప్పటిదాకా ఆమె భర్త పటాలంలో పోయినవాడని నాకు తెలియదు. ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, యుద్ధం పాఠం నాలుగుసార్లు చెప్పాను, నా గదికి నాలుగిళ్ళ అవతలున్న మనిషిని ఒక్కసారి కూడా పలకరించలేదు.

ఆమె ఎవరితోనూ కాకుండా చెప్పుకుపోయింది. అప్పుడూ ఇట్లాంటి కరువేనట. కొడుకు కడుపులో ఉన్నాడట. సంతలో పటాలంలోకి మనుషులను తీసుకుంటుంటే వానలు పడేదాకా పోయొస్తానని ఆయన పోయాడట. వానలు పడ్డాయి. కిరసనాయిలుకు, గుడ్డకు రేషను చీటీలొచ్చాయి, పండిన గింజను సర్కారువాళ్ళు కొలిపించుకుపోయారు, చివరికి ఆయన జాడ తెలియడం లేదని ఒక కాగితం వచ్చింది. ఆయన మాత్రం రాలేదు. ఇంత చెప్పి నా వైపు తిరిగింది.

"ఆ మొదటి కాగితం రాసినోడు ఇంకోరకంగా రాసుంటే మా ఇంటాయన ఇంటికొచ్చుండునా?"

చరిత్ర చదువుకున్నవాణ్ణి. దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయని నాకు తెలుసు. ఆకలి ఉంది, పనుల్లేక రోడ్ల మీద పడ్డ జనం ఉన్నారు, ఆ కసిని వాడుకున్నవాళ్ళున్నారు, చూస్తూ ఊరుకున్నవాళ్ళున్నారు. పండితులెవరైనా అక్కడుంటే నా కాలరు పట్టుకునేవాళ్ళే. కానీ ఆమె కళ్ళలోకి చూస్తూ అయిదు పాయింట్లు చెప్పడం నా వల్ల కాలేదు. తెలీదవ్వా, వచ్చుండచ్చేమో అన్నాను.

ఆమె కొడుకు వైపు తిరిగింది. నలభై దాటిన మనిషి, తండ్రి మొహం చూడని మనిషి.

"ఆ మాట కొట్టేపించురా" అంది. గట్టిగా కూడా అనలేదు.

బావమరిది ఏదో అనబోతే పెద్దరైతు చెయ్యి అడ్డం పెట్టాడు. చాలాసేపు నేలమీద పుల్లతో గీసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా మొహం చూడకుండానే, "కొట్టేయప్పా. కంప తీసి మళ్ళా ఎయ్యకుండా పోయినోళ్ళు మావోళ్ళే. అది గూడా రాయి" అన్నాడు. ఆ మాటకు మేకలాయన సిరా వేలు తొడకు తుడిచేసుకుని, వామికి నిప్పు పెట్టింది తమ పిల్లనాకొడుకులేనని, అదీ రాయమని అన్నాడు. ఎవరు ఎక్కువ తప్పు ఒప్పుకుంటారా అని పోటీ పడ్డట్టయింది. రెండో కాగితం తీసుకున్నాను. నా మంచి చేతిరాత ఈసారి కోడి కెలికినట్టు వచ్చింది. మేష్టారు ఆ రాతను చూసి ఎగతాళి చేయలేదు, ఆయన కళ్ళు తుడుచుకోవడంలో ఉన్నాడు.

అంతటితో రెండు ఊళ్ళూ అన్నదమ్ములైపోయాయని చెప్పను. పెళ్ళిళ్ళకు పిలుచుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. బావమరిది నాతో మాట్లాడనే లేదు. కానీ దోవ తెరిచారు. ఆ పిల్ల పావగడలో పరీక్ష రాసింది, పాసయింది, పై చదువుకు మధుగిరి పోయింది. నేను బల్ల మీద నంబర్లు రాయడం మాత్రం అప్పటి నుంచీ మానలేదు, పరీక్షలున్నాయి కదా. ఆరో నంబరు రాశాక చాక్‌పీసు కింద పెట్టి, ఇప్పుడు మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళను అడిగి రండి అని పంపించేవాణ్ణి. మీరూ పంపండి.

ఆ పంచాయితీ మరునాటి పొద్దున జరిగింది కూడా చెప్పాలి. కంపలు తీశారు గానీ దిగువపల్లె పిల్లలు రావడానికి జంకుతారేమోనని నేను బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. చేల మధ్య కాలిదోవన ఒక గుంపు కనబడింది. అందరికంటే ముందు కర్ర పొడుచుకుంటూ ముసలమ్మ నడుస్తోంది, వెనక ఆ పిల్ల, ఆమె వెనక చిన్నపిల్లలు. ఎవరన్నా అడ్డం వస్తారేమోనని ముసలమ్మ పొద్దున్నే దిగువపల్లె దాకా పోయి వాళ్ళను పిలుచుకొచ్చిందట. వీధిలో మగవాళ్ళు అరుగుల మీద నుంచి లేచి నిలబడ్డారు. పిల్ల తలెత్తుకునే నడిచింది. తొట్టి దగ్గర తను కాళ్ళు కడుక్కుని, ముసలమ్మ కాళ్ళ మీద కూడా నీళ్ళు పోసింది.

ముసలమ్మ బడిలోకి రావడం అదే మొదటిసారి. గడప దగ్గర ఆగి, ఆ బర్మా యాడుండాదో చూపిస్తారా అని అడిగింది. గోడకు ప్రపంచ పటం తగిలించాను. పిల్లే ముందుకొచ్చి వేలు పెట్టి చూపించింది. మన ఊరు యాడ అంది ముసలమ్మ. పటంలో మన ఊరు ఎక్కడుంటుంది? పిల్ల పెన్సిలు తీసుకుని మైసూరుకు కాస్త పైన చిన్న చుక్క పెట్టింది. ముసలమ్మ బొటనవేలు ఆ చుక్క మీద ఆనించి, చిటికెనవేలు బర్మా వైపు చాపింది. చెయ్యి పూర్తిగా చాచాల్సిన అవసరమే రాలేదు.

"జానెడు గూడా లేదే" అంది. "నలభై ఏండ్లు ఎదురుచూస్తి. ఇంత దగ్గర్నుంచి రాకపోయినాడు ఆ మనిషి."

పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య ఉన్న నీలం రంగు మీద పెట్టింది.

"ఇదంతా సముద్రమవ్వా. దాటలేకపోయినాడు."

ముసలమ్మ ఆ నీలం రంగును అరచేత్తో నిమిరింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా, రెండుసార్లు.

"అట్లయితే ఆయప్ప తప్పేం లేదు" అంది.